కేసా, కేసు పట్టిన మనిషా: పోలీసు నవలల దగ్గర పాఠకులు ఎందుకు విడిపోతారు

2025లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘డిపార్ట్‌మెంట్ క్యూ’ అనే పోలీసు సిరీస్ వచ్చాక బెంగళూరులో పుస్తకాలు చదివే తెలుగువాళ్ళ మధ్య ఒక పాత తగువు మళ్ళీ మొదలైంది. సిరీస్ నచ్చినవాళ్ళు మూల నవల కోసం చర్చ్ స్ట్రీట్ షాపుల్లో వెతికారు. డెన్మార్క్ రచయిత యూసీ ఆడ్లర్ ఓల్సెన్ 2007లో రాసిన నవల అది. నవలలో కథంతా కోపెన్‌హాగెన్‌లో జరుగుతుంది, సిరీస్‌లో దాన్ని ఎడిన్‌బరోకి తెచ్చారు. చదివినవాళ్ళలో కొందరికి పిచ్చిగా నచ్చింది. కొందరు యాభై పేజీల దగ్గరే పక్కన పడేశారు. ఎందుకని అడిగితే కథ బాగాలేదని అనరు, అందులో దర్యాప్తు చేసే ఆ కార్ల్ మోర్క్ అనే మనిషిని భరించలేకపోయామంటారు. నచ్చినవాళ్ళు చెప్పే కారణం కూడా ఆ మనిషే.

పోలీసు నవలల మీద ఎక్కడ చర్చ జరిగినా ఇదే వరస. ఒకరు దర్యాప్తు గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు దర్యాప్తు చేసే మనిషి గురించి. చదివింది ఒకటే పుస్తకం, మార్కులు వేసేది మాత్రం రెండు వేరు వేరు సబ్జెక్టులకి. అందుకే ఎంత వాదించుకున్నా తెగదు. చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఈ నవలలు అసలు ఏమిటో, వీటిలోకి ఆ మనిషి ఎలా వచ్చి కూర్చున్నాడో ముందు చూడాలి.

ఏది పోలీసు నవల, ఏది కాదు

మనలో ఒక వయసు దాటినవాళ్ళకి డిటెక్టివ్ అనగానే కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు గుర్తొస్తారు. యుగంధర్ ప్రైవేటు డిటెక్టివ్. ఆయనకు పై అధికారి లేడు, ట్రాన్స్‌ఫర్ లేదు, కేసు మధ్యలో ఉండగా మంత్రిగారి బందోబస్తుకి రమ్మని పిలిచేవాడు లేడు. తెలుగులో అపరాధ పరిశోధక నవల అంటే దశాబ్దాలపాటు పాఠకుడి మనసులో ఉన్న నమూనా ఇదే.

పోలీస్ ప్రొసీజరల్ అనే తరహా దీనికి దాదాపు తలకిందులు. ఇక్కడ దర్యాప్తు చేసేది నెల జీతం తీసుకునే పోలీసు. ఒక్కడు కాదు, ఒక జట్టు. మెరుపులాంటి ఊహ కంటే ఫైళ్ళు, ఫోన్ రికార్డులు, ల్యాబ్ రిపోర్టులు, ఇంటింటికీ వెళ్ళి అడగడం ఎక్కువ. చట్టం అడ్డం పడుతుంది, పై అధికారి అడ్డం పడతాడు, పత్రికలు అడ్డం పడతాయి. సగం ఆధారాలు ఎటూ తేలవు. ఆ వృథా తిరుగుడు కూడా కథలో భాగమే. అమెరికన్ రచయిత లారెన్స్ ట్రీట్ 1945లో రాసిన నవలని చాలామంది ఈ తరహాకి మొదటిదిగా లెక్కవేస్తారు. 1952లో హిలరీ వా, 1956లో ఎడ్ మెక్‌బెయిన్ వచ్చేసరికి దీనికి ఒక రూపం ఏర్పడింది.

పక్కనే ఇంకో రెండు తరహాలున్నాయి, వాటితో కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం. ‘హంతకుడు ఎవరు’ నవలలో రచయిత ఆధారాలన్నీ పాఠకుడి కళ్ళ ముందే పరిచి, కనుక్కో చూద్దాం అంటాడు. థ్రిల్లర్‌లో హంతకుడెవరో చాలాసార్లు మనకు ముందే తెలుసు, వాడు ఇంకొకరిని చంపేలోపు ఆపగలరా అన్నదే టెన్షన్. పోలీసు నవల అడిగే ప్రశ్న వేరు: ఇది ఎలా తేలుతుంది, తేలినదాన్ని కాగితం మీద ఎలా నిలబెడతారు?

ఈ గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. కోలిన్ డెక్స్‌టర్ 1975 నుంచి 1999 దాకా రాసిన నవలల్లో మోర్స్ ఆక్స్‌ఫర్డ్ పోలీసు అధికారే. కానీ అతను బీరు తాగుతూ, క్రాస్‌వర్డ్ నింపుతూ, తప్పుల మీద తప్పులు ఊహిస్తూ చివరికి నిజం పట్టుకుంటాడు. ఉద్యోగం పోలీసుదే, పద్ధతి పాతకాలపు మేధావి డిటెక్టివ్‌ది. నన్నడిగితే మోర్స్ నవలలు గొప్పవే గానీ పోలీసు నవలలు కావు. దీనికి ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు.

చెరువులో ఒక శవం: ఒకే కేసు, మూడు నవలలు

ఒక కేసు ఊహించుకుందాం. తూర్పు బెంగళూరులో వర్తూరు వైపు ఒక చెరువు గట్టున పొద్దున నడకకి వెళ్ళినవాళ్ళకి ఒక యువకుడి శవం కనిపించింది. 112కి ఫోన్ వెళ్ళింది, హొయ్సళ గస్తీ బండి వచ్చింది. జేబులో పర్సు లేదు, ఫోన్ లేదు.

మొదటి ప్రశ్న ‘ఎవరు చంపారు’ కాదు. ఈ గట్టు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుంది? నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాసి తర్వాత బదిలీ చెయ్యవచ్చని చట్టం చెబుతున్నా, చెరువుకి అటు గట్టు ఒకరిది ఇటు గట్టు ఇంకొకరిది అయితే గంట మాటల్లోనే పోతుంది. రెండో ప్రశ్న, ఇది హత్యేనా? తెలియదు కాబట్టి ముందు అసహజ మరణం కింద నమోదు చేస్తారు. కర్ణాటకలో దీన్ని యూడీఆర్ అంటారు. సాక్షుల్ని కూర్చోబెట్టి మహజర్ (పంచనామా) రాస్తారు, శవాన్ని పోస్టుమార్టానికి పంపుతారు. గొంతు దగ్గర ఎముక విరిగిందని రిపోర్టు వచ్చాకే అది హత్య కేసు అవుతుంది. 2024 జూలై 1 నుంచి అది ఐపీసీ 302 కాదు, భారతీయ న్యాయ సంహిత 103. ఇంకా 302 అని రాస్తున్న రచయితలు ఉన్నారు. కథలో హత్య ఆ తేదీకి ముందు జరిగిందైతే అది తప్పు కూడా కాదు.

మూడో ప్రశ్న, ఈ అబ్బాయి ఎవరు? మదనపల్లెలో ఒక తల్లి, కొడుకు ఫోన్ ఎత్తడం లేదని నాలుగు రోజుల కిందట ఫిర్యాదు ఇచ్చింది. ఆ ఫిర్యాదు తెలుగులో ఉంది, ఈ శవం ఫైలు కన్నడంలో ఉంది. రెండూ ఒక బల్ల మీదకి రావడానికి ఎవరో ఒక హెడ్ కానిస్టేబుల్ ఓపిగ్గా ఫోన్లు చెయ్యాలి. ఆ తర్వాత పీజీ హాస్టల్ రిజిస్టర్, కాల్ డేటా, ఆ రాత్రి ఆ టవర్ కింద ఉన్న నంబర్లన్నీ, యూపీఐలో చివరగా ఎవరికి డబ్బు పంపాడో ఆ లెక్క, కిరాణా కొట్టు సీసీ కెమెరా. ఆ కెమెరాలో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోయి ఉంటుంది. పట్టుబడినవాడిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, తొంభై రోజుల్లో చార్జిషీట్ వెయ్యాలి. వెయ్యకపోతే అడిగిన వెంటనే బెయిల్ ఇచ్చి తీరాలి.

ఇప్పుడు దీన్ని ముగ్గురు రాస్తారనుకుందాం. మొదటి రచయిత ఆ అబ్బాయి బూట్ల లేసు తప్పుగా కట్టి ఉందన్న విషయం పదో పేజీలో చెప్పి, చివరి అధ్యాయంలో దానితోనే ముడి విప్పుతాడు. రెండో రచయిత అదే పీజీలో ఇంకో కుర్రాడు కనిపించకుండా పోయాడని చెప్పి మనల్ని పరిగెత్తిస్తాడు. మూడో రచయిత ఆ హెడ్ కానిస్టేబుల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. చింతామణి నుంచి వచ్చిన ఒక ఎస్సై ఉందనుకోండి, ఇంట్లో తెలుగు, స్టేషన్‌లో కన్నడం. మదనపల్లె తల్లితో మాట్లాడగలిగింది ఆవిడ ఒక్కతే కాబట్టి ఆ చెడ్డ వార్త చెప్పే పని ఆవిడ మీద పడుతుంది. మూడో నవలకి అదే కీలక సన్నివేశం కావచ్చు.

మొదటి నవల ఇష్టపడే పాఠకుడు మూడోది చదివి ‘నూట యాభై పేజీలు ఫోన్లు చేశారు’ అని విసుక్కుంటాడు. మూడోది ఇష్టపడేవాడికి ఆ ఫోన్లే కథ. ఇద్దరివీ న్యాయమైన అభిప్రాయాలే, అడుగుతున్నది మాత్రం ఒకే వస్తువుని కాదు.

నిదానంగా సాగడమే బలమని వాదించేవాళ్ళకి ఉన్న గట్టి ఉదాహరణ స్వీడన్ జంట మాయ్ షోవాల్, పేర్ వాలో 1965లో రాసిన ‘రోసెన్నా’. కాలువలో పూడిక తీస్తుంటే ఒక యువతి శవం దొరుకుతుంది. ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడతాయి. ఆ నెలల పాటు పోలీసులు ఉత్తరాలు రాస్తారు, జవాబుల కోసం ఎదురుచూస్తారు, జలుబుతో తుమ్ముతారు. ఆ ఎదురుచూపు మనకి అంటుకుంటుంది. జపాన్ రచయిత సీచో మత్సుమోతో 1958 నాటి నవలలో మొత్తం కేసు రైళ్ళ టైంటేబుల్ మీద నిలబడుతుంది. టోక్యో స్టేషన్‌లో ఒక ప్లాట్‌ఫాం మీద నుంచి ఇంకో ప్లాట్‌ఫాం అడ్డం లేకుండా కనిపించేది రోజు మొత్తంలో 4 నిమిషాలే. ఆ 4 నిమిషాల్లోనే సాక్షులు అక్కడ ఎందుకు ఉన్నారు? ఇందులో డిటెక్టివ్ సొంత జీవితం గురించి మనకు తెలిసేది చాలా తక్కువ, తెలుసుకోవాలని అనిపించదు కూడా.

జట్టు కథలో హీరో ఎలా మొలిచాడు

మెక్‌బెయిన్ తన సిరీస్ మొదలుపెట్టినప్పుడు అనుకున్నది ఒక స్క్వాడ్ మొత్తాన్ని హీరోగా పెట్టాలని. ఐసోలా అనే ఊహా నగరం, అందులో 87వ ప్రెసింక్ట్ స్టేషన్, డజను మంది డిటెక్టివ్‌లు. ఒక నవలలో ఒకరు ముందుకొస్తారు, ఇంకో నవలలో ఇంకొకరు. నిజమైన పోలీసు పనిలో మనుషులు పోతుంటారు కాబట్టి మూడో నవలలోనే స్టీవ్ కరెల్లా అనే డిటెక్టివ్‌ని చంపేశాడు. ప్రచురణకర్తల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది, సిరీస్ హీరోని ఎలా చంపుతావని. తన హీరో ఎవరో రచయితకి అలా తెలిసింది. కరెల్లా బతికాడు, సిరీస్ 2005 దాకా సాగింది.

ఈ చిన్న సంగతిలో మన తగువు మొత్తం ఉంది. పద్ధతి ప్రకారం చూస్తే పోలీసు నవలకి హీరో అక్కర్లేదు, అడ్డం కూడా. అయితే పాఠకుడు రెండో పుస్తకం కొనేది పద్ధతి కోసం కాదు, మనిషి కోసం. ఫోరెన్సిక్ రిపోర్టుల మీద అభిమానం పెంచుకున్నవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు.

షోవాల్, వాలో దీనికి వేరే దారి వెతికారు. 1965 నుంచి 1975 దాకా పది నవలలు రాశారు, పదీ కలిపి ఒకే పెద్ద కథగా ముందే అనుకుని. మార్టిన్ బెక్ మధ్యలో ఉంటాడు గానీ వెలిగిపోడు. కడుపునొప్పి, చల్లబడిన కాపురం, ఖాళీ ఉంటే ఓడ బొమ్మలు చేసుకోవడం. కొల్‌బెరి, మెలాండర్, గున్‌వాల్డ్ లార్సన్ అతనితో సమానంగా గుర్తుంటారు. రచయితలిద్దరూ మార్క్సిస్టులు, స్వీడన్ సంక్షేమ రాజ్యం లోపల ఏం కుళ్ళిందో చూపించడానికి పోలీసు స్టేషన్‌ని కిటికీలా వాడుకున్నారు. చివరి పుస్తకాలకి వచ్చేసరికి ఉపన్యాసం ఎక్కువైందని కొందరంటారు. అది తీసేస్తే మిగిలేది మామూలు క్రైమ్ కథేనని ఇంకొందరు. నేను మొదటి పక్షం, కాకపోతే పదీ చదివిన తర్వాతే ఆ మాట అంటున్నాను.

ఐర్లండ్ రచయిత్రి టానా ఫ్రెంచ్ ఇంకోలా చేసింది. 2007లో మొదలైన ఆమె డబ్లిన్ నవలల్లో ఒక్కో పుస్తకంలో ఒక్కో డిటెక్టివ్ కథ చెబుతాడు. ఒక పుస్తకంలో పక్కన కనిపించినవాడు తర్వాతి దానిలో మధ్యకి వస్తాడు. మొదటి నవలలో రెండు మిస్టరీలుంటాయి, అందులో ఒకటి చివరికీ తేలదు. అది తెలిసి చదివినా రుచి తగ్గదు కాబట్టి చెప్పేస్తున్నాను. దీని మీద పాఠకుల కోపం ఇప్పటికీ చల్లారలేదు. రచయిత మాట తప్పిందని ఒక వర్గం. నిజం స్టేషన్లలో ఎన్ని కేసులు మూతపడ్డాయో చూడండి, పోలీసు నవల అని పేరు పెట్టుకుని అన్నీ తేల్చేస్తేనే అబద్ధం అని ఇంకో వర్గం.

విడాకులు, విస్కీ, ఒంటరితనం

పాఠకులు ఎక్కువగా ఫిర్యాదు చేసేది దీని గురించే. డిటెక్టివ్‌కి పెళ్ళి చెడిపోయి ఉంటుంది, తాగుతాడు, కూతురితో మాటల్లేవు, పై అధికారి మాట వినడు. ఇయాన్ రాంకిన్ రాసిన రీబస్, హెన్నింగ్ మాంకెల్ రాసిన వలాండర్, మైకేల్ కానెలీ రాసిన బాష్ కొద్దిపాటి తేడాలతో ఈ వీధివాళ్ళే. బెంగళూరుకి వస్తే అనితా నాయర్ 2012లో ‘కట్ లైక్ వూండ్’ నవలతో తెచ్చిన ఇన్‌స్పెక్టర్ బోరెయ్ గౌడ కూడా వీళ్ళకి దూరపు చుట్టం. యాభైకి దగ్గరపడుతున్న, పైకి రాలేకపోయిన మనిషి, పక్కన ఉత్సాహం ఎక్కువైన కుర్ర ఎస్సై సంతోష్.

ఈ నమూనా ఎందుకు అంటుకుపోయింది? రచన లోపలి కారణం ఒకటుంది. ఇల్లు సవ్యంగా ఉన్న పోలీసు సాయంత్రం ఏడింటికి ఇంటికెళ్ళాలి. ఒంటరివాడిని రచయిత అర్ధరాత్రి కూడా శవం దగ్గర నిలబెట్టవచ్చు. ఇంకోటి, హత్యలు చూస్తూ బతికే మనిషి మీద ఆ పని గుర్తు పడకుండా ఉండదన్న నమ్మకం. వలాండర్‌కి మధుమేహం వస్తుంది, మతిమరుపు మొదలవుతుంది, 2009 నవల దగ్గర మాంకెల్ అతని కథ ముగించాడు. అది చదివి ఏడ్చినవాళ్ళకి అంతకుముందు పుస్తకాల్లో వలాండర్ ఏ కేసులు పట్టాడో గుర్తుండదు, అతని అలసట గుర్తుంటుంది.

వ్యతిరేకించేవాళ్ళ దగ్గరా గట్టి సాక్ష్యమే ఉంది. జార్జ్ సిమెనాన్ రాసిన మేగ్రే. 1931 నుంచి 1972 దాకా 75 నవలలు. పైపు కాలుస్తాడు, కడుపునిండా తింటాడు, ఇంటికెళితే భార్య తలుపు తీస్తుంది. లూకా, జాన్వియే వంటి మనుషులు పక్కన ఉంటారు. సంసారం సుఖంగా ఉన్నంత మాత్రాన ఎదుటివాడి దుఃఖం అర్థంకాకుండా పోదని 75 నవలలు సాక్ష్యం. విరిగిపోయిన డిటెక్టివ్ ఇప్పుడు రచయితల సోమరితనం అన్నది నా అభిప్రాయం. మొదట వాడినవాళ్ళకి అది ఒక గమనింపు, ఇప్పుడు రాస్తున్నవాళ్ళలో చాలామందికి అది యూనిఫాం.

ఆడ డిటెక్టివ్‌ల విషయంలో పాఠకుల కొలత ఇంకా విచిత్రంగా ఉంటుంది. మగవాడు ఇంటిని పట్టించుకోకపోతే ‘పాపం, పని అలాంటిది’. అదే పని ఆవిడ చేస్తే ‘ఎవరికీ నచ్చేలా లేదు’. మొదట్లో చెప్పిన కార్ల్ మోర్క్‌ని ఒక ఆడమనిషిగా మార్చి చదివి చూడమని ఒక స్నేహితురాలు అంటుంది.

సిరీస్‌ని ఏ వరసలో చదవాలన్న తగువు కూడా దీనికి తోకే. రీబస్, బాష్ లాంటివాళ్ళు నిజ సంవత్సరాలతో పాటు వయసు మీదపడతారు. రీబస్ మొదటి పుస్తకం 1987, అరవై నిండి 2007లో రిటైరయ్యాడు (తర్వాత మళ్ళీ వచ్చాడనుకోండి). మనిషి కోసం చదివేవాళ్ళకి వరస తప్పనిసరి. కేసు కోసం చదివేవాళ్ళకి సెకండ్‌హ్యాండ్ షాపులో ఏది దొరికితే అది.

మన స్టేషన్‌లో ఈ కథ నడుస్తుందా

ఇంగ్లండు, స్వీడన్ నవలలు చదివి వచ్చిన తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఆ నవలల్లో పతాక సన్నివేశం చాలాసార్లు ఇంటరాగేషన్ గదిలో ఉంటుంది. నేరస్థుడు నెమ్మదిగా విరిగి ఒప్పుకుంటాడు. మన చట్టంలో పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యం కాదు. బ్రిటిషు కాలపు సాక్ష్యాల చట్టం 25వ సెక్షన్ నుంచి ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 23 దాకా ఆ నియమం మారలేదు. పోలీసులు కొట్టి ఒప్పిస్తారన్న అనుమానాన్ని చట్టమే రాసిపెట్టుకుంది.

ఒక చిన్న మినహాయింపు ఉంది, కథలకి అది బంగారు గని. మన చెరువు కేసులో నిందితుడు ‘నేనే చంపాను, ఫోన్ ఫలానా మురుగు కాలవలో పారేశాను’ అన్నాడనుకుందాం. పోలీసులు వెళ్ళి చూస్తే ఫోన్ దొరికింది. అప్పుడు ‘ఫోన్ అక్కడ పారేశాను’ అన్న ముక్క వరకే కోర్టులో చెల్లుతుంది, ‘నేనే చంపాను’ అన్నది చెల్లదు. కాబట్టి ఇక్కడి పోలీసు నవలకి పతాక సన్నివేశం ఇంటరాగేషన్ గది కాదు, ఆ మురుగు కాలవ గట్టు. ఇద్దరు సాక్షులు ముక్కు మూసుకుని నిలబడి ఉంటారు. ఇప్పుడైతే వెతకడం, స్వాధీనం చేసుకోవడం వీడియో తియ్యాలని కూడా కొత్త చట్టం అంటోంది. మత్తుమందు ఇచ్చి చేసే నార్కో పరీక్షతో నిజం కక్కించే సన్నివేశాలు ఇంకా వస్తున్నాయి. 2000ల్లో బెంగళూరు ఫోరెన్సిక్ ల్యాబ్ వాటికి పేరుపడ్డ మాట నిజమే గానీ, 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక తీర్పులో సుప్రీంకోర్టు మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చెయ్యకూడదని చెప్పేసింది.

ఈ వివరాలు తప్పితే పాఠకుడు ఎంత పట్టించుకోవాలి? రెండు వాదాలున్నాయి. పద్ధతి మీద నిలబడ్డ నవల పద్ధతే తప్పితే ఇక అందులో ఏముందని ఒకటి. నవల చట్టం పుస్తకం కాదు, వాతావరణం నమ్మేలా ఉంటే చాలని ఇంకోటి. రెండోదానికి సాక్షి ఇంగ్లండు రచయిత హెచ్‌ఆర్‌ఎఫ్ కీటింగ్. బొంబాయి ఇన్‌స్పెక్టర్ ఘోటే మీద 1964లో మొదటి నవల రాసేటప్పటికి ఆయన ఇండియాలో అడుగు పెట్టలేదు, మరో పదేళ్ళ దాకా పెట్టలేదు కూడా. అయినా ఘోటేకి ప్రపంచమంతా పాఠకులు దొరికారు. ఇప్పుడు చదివితే ఆ బొంబాయి కొంచెం అట్టముక్కల బొంబాయిలా కనిపిస్తుంది, ఘోటే బిడియం మాత్రం నిజంగానే ఉంటుంది. కేసు వైపు లెక్కలో సున్నా, మనిషి వైపు లెక్కలో మంచి మార్కులు.

పోలీసుని మంచివాడిగా రాయడం మీద అభ్యంతరం

2020లో అమెరికాలో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన తర్వాత ఈ ప్రశ్న గట్టిగా లేచింది. వందల నవలలు, సీరియళ్ళు పోలీసు కళ్ళతోనే నేరాన్ని చూపిస్తే, రూలు దాటిన పోలీసే నిజాయితీపరుడన్న భావన పాఠకుడికి ఎక్కదా? బాష్ పై అధికారిని ధిక్కరిస్తే మనం చప్పట్లు కొడతాం. అదే ధిక్కారం ఇంకో చోట లాకప్‌లో జరిగితే?

మనకు ఇది దూరపు ప్రశ్న కాదు. 2020 జూన్‌లోనే తమిళనాడు సాత్తాన్‌కుళంలో ఒక తండ్రీ కొడుకూ పోలీసుల చేతిలో హింసకు గురై ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకు ఆరు నెలల ముందు, 2019 డిసెంబరులో, హైదరాబాదు శివార్లలో జరిగిన ఎన్‌కౌంటర్‌కి జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్‌పూర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ కథనం నమ్మదగ్గది కాదని తేల్చి, పదిమంది పోలీసులని హత్యా నేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఆ పూలు చల్లినవాళ్ళలో పోలీసు కథలు ఇష్టపడేవాళ్ళు లేరని ఎవరూ అనలేరు.

అభ్యంతరానికి జవాబు చెప్పేవాళ్ళు అంటారు, మంచి పోలీసు నవల ఎన్‌కౌంటర్‌కి సరిగ్గా వ్యతిరేకం. అది ఆధారం కోసం ఆగుతుంది. తప్పు మనిషిని పట్టుకుంటే ఏమవుతుందో చూపిస్తుంది. కొల్‌బెరి లాంటివాడు ఈ పని ఇక నావల్ల కాదని ఉద్యోగమే వదిలేస్తాడు. విక్రమ్ చంద్ర 2006 నవల ‘సేక్రెడ్ గేమ్స్’లో సర్తాజ్ సింగ్ మామూళ్ళ వ్యవస్థకి బయట ఉన్నవాడేమీ కాదు, అతన్ని మనం ఇష్టపడుతూనే ఇబ్బంది పడతాం. ఈ వాదంలో నాకు నచ్చింది ఆ ఇబ్బంది. అది లేని చోట, అంటే హీరో కొడితే నిజం బయటికొచ్చే నవలలో, అభ్యంతరం పెట్టేవాళ్ళే గెలుస్తారు. అలాంటి చోట పద్ధతి లేదు కాబట్టి దాన్ని పోలీసు నవల అనక్కర్లేదని కొందరు తప్పించుకుంటారు. తెలివైన మాటే, నిజాయితీ మాత్రం తక్కువ. అమ్మకానికి పెట్టినప్పుడు అన్నీ ఒకే అరలో ఉంటాయి.

అరెస్టుతో అయిపోతుందా

ఇంకొక ఫిర్యాదు మన పాఠకుల నుంచే ఎక్కువగా వస్తుంది. పడమటి నవలలు దాదాపు అన్నీ అరెస్టు దగ్గర ఆగిపోతాయి. అక్కడ అరెస్టు అయిందంటే శిక్ష పడినట్టేనని పాఠకుడు అనుకుంటాడు. ఇక్కడ అరెస్టు నాడు టీవీలో ముసుగు వేసిన మొహం చూసినవాళ్ళకి అయిదేళ్ళ తర్వాత ఆ కేసు ఏమైందో తెలియదు. విచారణ మొదలయ్యేసరికి మహజర్ సాక్షి ఇల్లు మారిపోయి ఉంటాడు, దొరికినా నాకేం గుర్తులేదంటాడు. మన చెరువు కేసు దర్యాప్తు చేసిన ఆ ఎస్సైకి ఈలోగా మూడు ట్రాన్స్‌ఫర్లు అయిపోయి, వేరే జిల్లా నుంచి సెలవు పెట్టుకుని వచ్చి సాక్ష్యం చెప్పాలి. కేస్ డైరీలో తను రాసుకున్న ముక్కలు చూసుకుంటే తప్ప ఆ చెరువు గట్టు ఎలా ఉండేదో ఆమెకీ గుర్తు రాదు.

ఇది రాస్తే నవల సాగదీసినట్టు అవుతుందని ప్రచురణ రంగంలో ఉన్నవాళ్ళు అంటారు, వాళ్ళ భయంలోనూ అర్థం ఉంది. కానీ కేసు కోసం చదివేవాళ్ళు, మనిషి కోసం చదివేవాళ్ళు ఇద్దరూ ఒకే పేజీ మీదకి వచ్చే చోటు నాకు ఇదొక్కటే కనిపిస్తోంది. బోనులో నిలబడ్డ ఎస్సైని డిఫెన్స్ లాయరు అడుగుతాడు: పోస్టుమార్టం రిపోర్టు ఏ తేదీన అందింది, ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ ఎప్పుడు మార్చారు, మధ్యలో రెండు రోజులు ఏం చేశారు? ఆ రెండు రోజులు ఆవిడ మదనపల్లెలో ఆ తల్లి దగ్గర ఉంది. డైరీలో అది రాయలేదు.